ఒకే చీటీలో రెండు మందులు: యల్లాప్రగడ సుబ్బారావు జీవితం

సోరియాసిస్ తీవ్రంగా ఉన్నవారికి చర్మవైద్యులు రాసే చీటీలో తరచు రెండు పేర్లు కనిపిస్తాయి. ఒకటి మెథోట్రెక్సేట్. దాన్ని వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. రెండోది ఫోలిక్ యాసిడ్. దాన్ని మిగతా రోజుల్లో, డాక్టరు చెప్పిన లెక్కన వేసుకోవాలి. మొదటిది రెండోదానికి విరోధి. ఒకటి కణాల పెరుగుదలకు అడ్డుపడుతుంది, ఒకటి ఆ పెరుగుదలకు ఆహారమవుతుంది. ఈ రెండూ ఒకే ప్రయోగశాల చేసిన పని ఫలితాలు. ఆ ప్రయోగశాలను నడిపించింది భీమవరంలో పుట్టి, రాజమహేంద్రవరంలో పెరిగి, మద్రాసులో మెట్రిక్యులేషన్ గట్టెక్కిన ఒక తెలుగువాడు.

యల్లాప్రగడ సుబ్బారావు పేరు మన బడుల్లో ఏదో ఒక తరగతిలో వినిపిస్తూనే ఉంటుంది. టెట్రాసైక్లిన్ కుటుంబంలోని తొలి యాంటీబయాటిక్, బోదకాలు మందు, క్యాన్సర్ మందు అంటూ ఓ జాబితా చెప్పి ముగిస్తాం. ఒంట్లోని రక్షణ బలం దారితప్పి సొంత చర్మం మీదే దాడి చేసే జబ్బుల వైద్యానికి కూడా ఆయన పనే తొలి పునాది అన్న సంగతి మాత్రం ఆ జాబితాలో తక్కువగా చేరుతుంది. చేతుల మీద, తల మీద పొలుసుల మచ్చలున్న పిల్ల తరగతిలో ఒంటరిగా కూర్చునే పరిస్థితి ఇప్పటికీ ఉంది కాబట్టి, ఆ కోణం నుంచి ఈ జీవితాన్ని చెప్పుకోవాలి.

మూడోసారి గట్టెక్కిన మెట్రిక్యులేషన్

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. తండ్రి ఆరోగ్యం చెడి ముందుగానే ఉద్యోగం మానుకోవడంతో ఇల్లు గడవడమే కష్టమైంది. పిల్లల చదువు బరువు తల్లి మీద పడింది. ఆమె నగలు అమ్మి ఫీజులు కట్టింది.

కొడుకు మాత్రం చదువు మీద మనసు పెట్టలేదు. పదమూడేళ్ల వయసులో ఇల్లు వదిలి కాశీకి బయలుదేరాడు. అక్కడ యాత్రికులకు అరటిపళ్లు అమ్మి డబ్బు సంపాదించాలని ఆలోచన. తల్లి వెతికించి వెనక్కి రప్పించింది, మళ్లీ బడిలో కూర్చోబెట్టింది. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పాడు. మూడోసారి మద్రాసులోని హిందూ హైస్కూల్ నుంచి రాసి గట్టెక్కాడు. ఆ రోజుల్లో మద్రాసు తమిళులకూ తెలుగువారికీ ఒకే రాజధాని. గోదావరి జిల్లా నుంచి పై చదువుకు పిల్లలు అక్కడికే వెళ్లేవారు. ఇవాళ తమిళనాడులో తెలుగు పిల్లలు చదువుకుంటున్న బడులకు దగ్గరలోనే, తిరువల్లిక్కేణిలో, ఆ హైస్కూల్ ఉంది.

ఆ తర్వాత ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియట్. అక్కడ ఉండగా రామకృష్ణ మఠం వైపు మనసు లాగింది. సన్యాసం తీసుకుంటానన్నాడు. తల్లి ఒప్పుకోలేదు. తల్లి అనుమతి లేనిదే మఠం వారూ చేర్చుకోలేదు. జనానికి సేవ చేయాలనుకుంటే వైద్యం చదవమని వారే సలహా ఇచ్చారు. అలా మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. 1919లో శేషగిరితో పెళ్లయింది. చదువు ఖర్చులో మామగారు చేయి అందించారు.

కాలేజీలో ఉండగానే గాంధీగారి పిలుపు విని ఖద్దరు కట్టడం మొదలుపెట్టారు. ఆపరేషన్ గదిలోకి కూడా ఖద్దరు దుస్తులతోనే వెళ్లారు. తెల్లదొర అయిన సర్జరీ ప్రొఫెసరుకు అది నచ్చలేదు. పరీక్ష రాత జవాబులు బాగున్నా పూర్తి స్థాయి ఎంబీబీఎస్ పట్టా చేతికి రాలేదు. దానికంటే తక్కువదైన ఎల్‌ఎంఎస్‌తో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. ఆ పట్టాతో మద్రాసు ప్రభుత్వ వైద్యశాఖలో చోటు దొరకలేదు. ఆచంట లక్ష్మీపతి నడుపుతున్న ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం చెప్పే ఉద్యోగంలో చేరారు.

ఇంట్లో జరిగిన నష్టం

సుబ్బారావు జీవితాన్ని మలిచిన దెబ్బ మరొకటుంది. స్ప్రూ అనే జబ్బు ఆయన ఇద్దరు సోదరులను ఎనిమిది రోజుల తేడాలో తీసుకుపోయింది. స్ప్రూలో పేగులు తిన్న తిండిలోని సారాన్ని పీల్చుకోలేవు. విరేచనాలు ఆగవు, నాలుక పూస్తుంది, రక్తం తగ్గిపోతుంది, మనిషి కళ్ల ముందే ఎండిపోతాడు. వేడి దేశాల్లో అది మామూలుగా కనిపించే జబ్బు. ఎందుకు వస్తుందో, దేనితో తగ్గుతుందో అప్పటికి ఎవరికీ తెలియదు. ఇంట్లో వైద్యవిద్యార్థి ఉన్నా చూస్తూ ఊరుకోవడం తప్ప దారి లేకపోయింది.

ఉష్ణమండల వ్యాధుల గురించి చదవాలన్న కోరిక ఆ దుఃఖంలోంచే బలపడింది. అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో దానికి ప్రత్యేక విభాగం ఉంది. ప్రయాణానికి కొంత మామగారు, కొంత కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయం చేశాయి. 1920ల తొలి ఏళ్లలో ఆయన బోస్టన్‌లో దిగారు. భార్య ఇక్కడే ఉండిపోయింది. త్వరలో వస్తానని చెప్పి వెళ్లిన మనిషి మళ్లీ తిరిగి రాలేదు. ఆయన వెళ్లాక పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు. తండ్రి ఆ బిడ్డను చూడనేలేదు. సుబ్బారావు గొప్పతనం చెప్పేటప్పుడు శేషగిరి జీవితమంతా ఎదురుచూపుగానే గడిచిపోయిందన్న నిజాన్నీ చెప్పాలి.

బోస్టన్‌లో చేతిలో డబ్బు లేదు. ఆస్పత్రిలో రాత్రిపూట చిన్న పనులు చేస్తూ డిప్లొమా పూర్తి చేశారు. తర్వాత హార్వర్డ్ వైద్యకళాశాలలో సైరస్ ఫిస్క్ దగ్గర జీవరసాయన శాస్త్రంలో పనికి కుదిరారు.

కండరంలో దొరికిన ఇంధనం

అక్కడ మొదటి పేరు 1925లో వచ్చింది. రక్తంలో, మూత్రంలో, కణజాలంలో భాస్వరం ఎంతుందో రంగు గాఢతను బట్టి కొలిచే పద్ధతిని ఫిస్క్, సుబ్బారావు కలిసి ప్రకటించారు. ఫిస్క్–సుబ్బారావు పద్ధతి అన్న పేరుతో అది దశాబ్దాల పాటు ప్రయోగశాలల్లో నిలిచింది. జీవరసాయనం చదివినవారికి ఇప్పటికీ ఆ పేరు పరిచయమే.

ఆ కొలత చేతిలో ఉండబట్టే తర్వాతి అడుగు పడింది. కండరం పనిచేసేటప్పుడు ఖర్చయ్యే ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లో గుర్తించారు. 1929లో ఏటీపీని వేరుచేశారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా దాన్ని విడిగా కనుగొన్నారు. పదో తరగతి జీవశాస్త్రంలో కణానికి నాణెం వంటిదని మనం చెప్పే ఏటీపీ అదే. ఏటీపీలో మొదటి అక్షరం అడినోసిన్ అనే పదార్థాన్ని సూచిస్తుంది. ఆ పేరు గుర్తుంచుకోండి, చర్మం దగ్గరికి వచ్చేసరికి అది మళ్లీ ఎదురవుతుంది.

1930లో పీహెచ్‌డీ వచ్చింది. మరో పదేళ్లు హార్వర్డ్‌లోనే పనిచేసినా స్థిరమైన ఉద్యోగం దక్కలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ లేబొరేటరీస్‌లో చేరారు. కొద్దికాలంలోనే అక్కడి పరిశోధనకు అధిపతి అయ్యారు. అంతవరకు ఒక బల్ల దగ్గర పనిచేసిన మనిషి కింద ఇప్పుడు రసాయన శాస్త్రవేత్తలు, సూక్ష్మజీవ శాస్త్రవేత్తలు, వైద్యులు ఉన్నారు. సోదరుల జబ్బుకు సంబంధించిన వెతుకులాట అక్కడ మళ్లీ మొదలైంది.

బొంబాయి నుంచి పెర్ల్ రివర్ దాకా

ఆ వెతుకులాటకు మూలం మన దేశంలోనే ఉంది. 1928 ప్రాంతంలో లూసీ విల్స్ అనే ఇంగ్లిష్ వైద్యురాలు బొంబాయికి వచ్చారు. బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణుల్లో ప్రాణం మీదికి తెస్తున్న రక్తహీనతకు కారణం వెతికారు. నీలగిరుల్లోని కూనూరు పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లోనూ కొంత పనిచేశారు. ఈస్ట్ నుంచి చేసే మార్మైట్ అనే చవక పదార్థం పెడితే ఆ రక్తహీనత తగ్గుతోందని 1931లో ప్రకటించారు. అందులో ఉన్నదేమిటో అప్పటికి తెలియదు. దాన్ని విల్స్ ఫ్యాక్టర్ అన్నారు. 1941లో పాలకూర వంటి ఆకు నుంచి అలాంటి పదార్థాన్నే అమెరికాలో మరికొందరు వేరుచేశారు. లాటిన్‌లో ఆకును సూచించే మాట నుంచి దానికి ఫోలిక్ యాసిడ్ అని పేరు పెట్టారు.

ఆకుల నుంచీ కాలేయం నుంచీ తీస్తే టన్నుల కొద్దీ సరుకుకు చిటికెడు వచ్చేది. రోగులకు అందాలంటే ప్రయోగశాలలో తయారుచేయాలి. సుబ్బారావు నడిపిన లెడర్లీ బృందం 1945లో ఆ పని సాధించింది. పదార్థం నిర్మాణాన్ని తేల్చి, కృత్రిమంగా తయారుచేసి చూపింది. త్వరలోనే స్ప్రూ రోగులకు ఫోలిక్ యాసిడ్ ఇచ్చి చూశారు. నాలుక పూత తగ్గింది, ఆకలి పుట్టింది, రక్తం పట్టింది. సోదరులను మింగిన జబ్బుకు మందు దొరికింది. అప్పటికి వారు పోయి రెండు దశాబ్దాలు దాటింది.

ఇవాళ గర్భిణులకు ఇచ్చే మాత్రల్లో, బడి పిల్లలకు వారం వారం ఇచ్చే ఐరన్ మాత్రల్లో ఉండేది ఆ ఫోలిక్ యాసిడే.

సీటు మీద తువ్వాలు

ఫోలిక్ యాసిడ్ ఎందుకంత ముఖ్యం? ఒక కణం రెండు కావాలంటే డీఎన్‌ఏకు నకలు తీయాలి. ఆ నకలుకు కావలసిన ముడిసరుకు తయారవడానికి ఫోలిక్ యాసిడ్ తప్పనిసరి. వేగంగా విభజన చెందే కణాలకు దాని అవసరం మరీ ఎక్కువ. రక్తకణాలు, పేగు లోపలి పొర, చర్మం పై పొర అలాంటివి. క్యాన్సర్ కణాలు కూడా అలాంటివే.

బోస్టన్ పిల్లల ఆస్పత్రిలో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు లుకేమియాతో చనిపోతున్న పిల్లలను చూస్తున్నారు. ఆ కణాలకు ఫోలిక్ యాసిడ్ అందకుండా చేస్తే ఎలా ఉంటుందన్న ఆలోచన వచ్చింది. దానికి కావలసిన పదార్థాలు లెడర్లీ నుంచి వచ్చాయి. ఫోలిక్ యాసిడ్ నిర్మాణంలో చిన్న మార్పు చేసి తయారుచేసిన అమినోప్టెరిన్ వాటిలో ముఖ్యమైనది.

అది పనిచేసే తీరు మన బస్సు ప్రయాణం తెలిసినవారికి సులువుగా అర్థమవుతుంది. బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి ఎవరో సీటు మీద తువ్వాలు వేస్తారు. సీటు ఖాళీగానే కనిపిస్తుంది, కూర్చోవడానికి మాత్రం వీలుండదు. కణంలో ఫోలిక్ యాసిడ్ కూర్చుని పని జరిపించుకోవలసిన ఎంజైమ్ మీద అమినోప్టెరిన్ అలా తువ్వాలు వేస్తుంది. పని ఆగిపోతుంది, కణం విభజన చెందలేదు.

1948 జూన్‌లో ఫార్బర్ తన ఫలితాలను ప్రకటించారు. 16 మంది పిల్లలకు మందు ఇస్తే 10 మందిలో జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గింది. అది శాశ్వతమైన నయం కాదు. కానీ మందుతో లుకేమియాను వెనక్కి నెట్టవచ్చని తెలిసింది. క్యాన్సర్‌కు మందుల వైద్యం అన్న మాటకు అర్థం వచ్చింది. అమినోప్టెరిన్‌ను మరికాస్త మార్చి అదే లెడర్లీలో చేసిన అమెథోప్టెరిన్ తర్వాతి రోజుల్లో మెథోట్రెక్సేట్ పేరుతో నిలిచింది.

అదే ఏడాది ఆగస్టులో, 53 ఏళ్ల వయసులో, సుబ్బారావు నిద్రలోనే కన్నుమూశారు. అప్పటికే ఆయన ప్రయోగశాల నుంచి మరో రెండు మందులు లోకంలోకి వచ్చాయి. ఒకటి మట్టిలోని సూక్ష్మజీవి నుంచి బెంజమిన్ డగ్గర్ వెలికితీసిన ఆరియోమైసిన్. టెట్రాసైక్లిన్ల కుటుంబంలో అదే మొదటిది. రెండోది హెట్రజాన్. బోదకాలు నివారణకు ఏటా ఊరూరా పంచిన డీఈసీ మాత్రలు అవే. గోదావరి ఒడ్డున పుట్టినవారికి ఆ జబ్బు గురించి వేరే చెప్పనక్కర్లేదు.

కంచే చేను మేస్తే

సుబ్బారావు పోయిన మూడేళ్లకు, 1951లో, అమెరికాలో కొందరు వైద్యులు కీళ్లవాతం రోగులకు అమినోప్టెరిన్ కొద్ది మోతాదులో ఇచ్చి చూశారు. సోరియాసిస్ కూడా ఉన్నవారిలో చర్మం మీది మచ్చలు తగ్గిపోవడం గమనించారు. ఆ తర్వాత సోరియాసిస్‌కు ప్రత్యేకంగా వాడి చూశారు. 1958 నాటికి అమినోప్టెరిన్ స్థానంలో మెథోట్రెక్సేట్ వచ్చింది. 1970ల మొదట్లో అమెరికా ప్రభుత్వం సోరియాసిస్‌కు దాన్ని అనుమతించింది, 1988లో కీళ్లవాతానికి అనుమతించింది.

మొదట్లో అందరూ ఒకే వివరణ ఇచ్చారు. మామూలు చర్మంలో పై పొర కణం పుట్టి, పైకి వచ్చి, రాలిపోవడానికి సుమారు నెల పడుతుంది. సోరియాసిస్ మచ్చలో అదంతా కొద్ది రోజుల్లోనే జరిగిపోతుంది. ముదరని కణాలు ఒకదాని మీద ఒకటి పేరుకుని వెండి రంగు పొలుసులవుతాయి. వేగంగా విభజన చెందే కణాలను ఆపే మందు కాబట్టి పొలుసులనూ ఆపుతోందని అనుకున్నారు.

లోపం చర్మంలో లేదని క్రమంగా తేలింది. 1979లో సైక్లోస్పోరిన్ అనే మందు ఇచ్చిన సోరియాసిస్ రోగుల్లో మచ్చలు తగ్గాయి. అది అవయవ మార్పిడి తర్వాత రోగనిరోధక వ్యవస్థను అణచడానికి వాడే మందు. అంటే జబ్బు వేరు రోగనిరోధక వ్యవస్థలో ఉంది. టీ లింఫోసైట్లు అనే తెల్ల రక్తకణాలు శత్రువు లేకపోయినా చర్మంలోకి చొరబడి, వాపును రేపే రసాయనాలు వదులుతున్నాయి. గాయమైందనుకుని చర్మం తొందరతొందరగా కొత్త కణాలు పుట్టిస్తోంది. కంచే చేను మేయడమంటే ఇదే.

మరి మెథోట్రెక్సేట్ చేస్తున్నదేమిటి? సోరియాసిస్‌కు పెద్దలకు ఇచ్చే మోతాదు వారానికి సాధారణంగా 7.5 నుంచి 25 మిల్లీగ్రాముల మధ్య ఉంటుంది. కొన్ని క్యాన్సర్లలో గ్రాముల లెక్కలో ఇస్తారు. ఇంత చిన్న మోతాదు కణాలను చంపడం కంటే వాటి కోపం తగ్గించడం మీదే ఎక్కువ పనిచేస్తుంది. దారితప్పిన టీ కణాల మీద దాని ప్రభావం చర్మ కణాల మీద కంటే ఎక్కువని ప్రయోగాల్లో తేలింది. ఈ మందు ఉన్నచోట కణాలు అడినోసిన్‌ను బయటికి వదులుతాయి. ఆ అడినోసిన్ చుట్టుపక్కల తెల్ల రక్తకణాలకు శాంతించమన్న సంకేతమవుతుంది. 1929లో ఏటీపీని వేరుచేసిన మనిషి, 1940లలో ఫోలిక్ యాసిడ్ విరోధులను తయారు చేయించిన మనిషి ఒక్కరే. ఈ రెండు పనులూ ఒక సోరియాసిస్ రోగి చర్మం కింద కలుస్తాయని ఆయన బతికుండగా ఎవరికీ తెలియదు.

ఈ వైద్యానికి కీలకం సమతూకం. రోగనిరోధక శక్తిని పూర్తిగా చంపేస్తే మామూలు జలుబు కూడా ప్రాణం మీదికి వస్తుంది. వదిలేస్తే చర్మాన్నీ కీళ్లనూ తింటుంది. రెండింటి మధ్యా నిలపాలి. అందుకే విరోధితో పాటు ఫోలిక్ యాసిడ్ కూడా రాస్తారు. నోటిపూత, వాంతి, కాలేయం మీద భారం వంటివి దానివల్ల తగ్గుతాయి, చర్మం మీద మందు చూపే ఫలితం చాలావరకు నిలుస్తుంది.

తర్వాతి కాలంలో ఇంకా గురిచూసి కొట్టే మందులు వచ్చాయి. వాపును రేపే టీఎన్ఎఫ్, ఐఎల్-17, ఐఎల్-23 వంటి ఒక్కో సంకేతాన్ని మాత్రమే అడ్డుకునే బయోలాజిక్ ఇంజెక్షన్లు అవి. చాలామందికి బాగా పనిచేస్తాయి కానీ ఖరీదు ఎక్కువ. మెథోట్రెక్సేట్ పాతది, చవకది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో ఉంది. ఊళ్లోని సామాన్య కుటుంబానికి అందుబాటులో ఉండేది తరచు అదే.

బడికి అందవలసిన మాట

సోరియాసిస్ ఉన్నవారిలో సుమారు మూడోవంతు మందికి అది పద్దెనిమిదేళ్ల లోపే మొదలవుతుంది. అంటే తల్లి తర్వాత ఆ మచ్చను ముందుగా చూసేది టీచరే కావచ్చు. కొన్ని సంగతులు బడిలో అందరికీ తెలిసి ఉంటే చాలా బాధ తప్పుతుంది.

సోరియాసిస్ అంటుకోదు. ముట్టుకుంటే రాదు, పక్కన కూర్చుంటే రాదు, ఒకే కంచంలో తిన్నా రాదు. అది శుభ్రత లేకపోవడం వల్ల వచ్చింది కాదు, ఎవరి పాపమూ కాదు. కుష్టుతో దానికి సంబంధం లేదు. 2014లో ప్రపంచ ఆరోగ్య సభ దాన్ని దీర్ఘకాలికమైన, అంటుకోని, బాధపెట్టే జబ్బుగా గుర్తించి, రోగుల పట్ల వెలివేత ఆపాలని సభ్యదేశాలను కోరింది. తామరకూ దీనికీ తేడా చూడగానే అందరికీ తెలియదు. అందుకే డాక్టరుకు చూపించకుండా బెంచీ మార్చకూడదు.

పిల్లల్లో గొంతునొప్పి, జ్వరం వచ్చిన రెండు మూడు వారాలకు ఒళ్లంతా చిన్న చిన్న చుక్కల్లాగా సోరియాసిస్ బయటపడవచ్చు. గొంతులోని స్ట్రెప్టోకోకస్ బ్యాక్టీరియాతో పోరాడిన రోగనిరోధక వ్యవస్థ ఆ ఊపులోనే చర్మం మీదికి తిరగడం దానికి కారణం. గోకితే, దెబ్బ తగిలితే ఆ గీత వెంటే కొత్త మచ్చ లేవవచ్చు. చలికాలంలో చర్మం పొడిబారితే ఎక్కువవుతుంది. కొబ్బరినూనెతో గానీ డాక్టరు చెప్పిన క్రీముతో గానీ చర్మాన్ని తేమగా ఉంచడం వైద్యంలో భాగమే. స్నానం తర్వాత ఒంటికి నూనె రాసుకుని వచ్చిన పిల్లను జిడ్డుగా ఉన్నావని తిట్టకూడదు.

పిల్లలందరికీ మెథోట్రెక్సేట్ అవసరం ఉండదు. చాలామందికి పైపూత మందులు, కొందరికి అతినీలలోహిత కాంతి చికిత్స సరిపోతాయి. మెథోట్రెక్సేట్ రాసినప్పుడు మాత్రం అది వారానికి ఒక్కసారి వేసుకునే మందని ఇంట్లో అందరికీ తెలియాలి. పొరపాటున రోజూ వేసుకుంటే ఎముక మూలుగ దెబ్బతిని ప్రాణం పోయే ప్రమాదం ఉంది. ఏ వారమో క్యాలెండర్ మీద గుర్తు పెట్టుకోవడం మంచి అలవాటు. మందు వాడుతున్నన్నాళ్లు రక్తపరీక్ష, కాలేయ పరీక్ష డాక్టరు చెప్పిన గడువుకు చేయించాలి. గర్భిణులు, బిడ్డ కావాలనుకుంటున్నవారు దాన్ని వాడకూడదు. బడిలో టీకాల కార్యక్రమం ఉన్నప్పుడు పిల్ల వాడుతున్న మందు సంగతి ముందే చెప్పాలి. మందుల దుకాణంలో అడిగి తెచ్చుకున్న స్టెరాయిడ్ మాత్రలు మొదట మచ్చలను మాయం చేసినట్టే ఉంటాయి. ఆపగానే జబ్బు రెట్టింపై తిరగబడవచ్చు, కొందరిలో చీము పొక్కులతో ఆస్పత్రి పాలు చేస్తుంది.

ఆయన మిగిల్చింది

సుబ్బారావు అమెరికా పౌరసత్వం తీసుకోలేదు. నోబెల్ రాలేదు. ఆరియోమైసిన్ డగ్గర్ పేరుతో, లుకేమియా మందు ఫార్బర్ పేరుతో లోకానికి తెలిశాయి. ప్రకటనల్లో తన పేరు ముందుండాలని ఆయన పట్టుపట్టిన మనిషి కాదు. ఒక శిలీంధ్రానికి సుబ్బరోమైసెస్ అని పేరు పెట్టారు. శతజయంతి సందర్భంగా 1995లో మన తపాలాశాఖ ఆయన స్టాంపు విడుదల చేసింది.

మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పిన కుర్రాడి కథగా దీన్ని తరగతిలో చెప్పవచ్చు. పట్టా తగ్గించిన ప్రొఫెసరు కథగానూ చెప్పవచ్చు. తన ఊరికి దూరంగా, తన భాష వినిపించని చోట పాతికేళ్లు పనిచేసిన తెలుగువాడి కథగా చెబితే కర్ణాటకలోనో ఒడిశాలోనో యానాంలోనో తెలుగు బెంచీ మీద కూర్చున్న పిల్లలకు మరింత దగ్గరగా వినిపించవచ్చు. ఏ తీరున చెప్పినా చివరికి ఒక మాట చేర్చండి. చేతి మీద పొలుసులున్న పిల్ల మన తరగతిలో ఉంటే, ఆ పిల్ల కోసం భీమవరంలో పుట్టిన ఒక మనిషి ఎప్పుడో పని మొదలుపెట్టాడు. ఇక మిగిలింది ఆమె పక్కన బెంచీ మీద ఎవరో ఒకరు కూర్చోవడం. దానికి మందుతో పనిలేదు.